పిలుపు వినపడే దూరం

మా స్టీలు సామాన్ల కొట్లోకి వచ్చేవాళ్లు చెప్పులు మెట్టు కింద విడిచి వస్తారు. విడవమని ఎవరూ చెప్పరు. నరసరావుపేటలో మా వీధి అలవాటు అది. ఆ చెప్పుల మీదే మా నాన్న బేరమంతా నడిచింది. ధర కుదరక మనిషి లేచి వెళ్తుంటే ఆయన ముఖం చూడడు, కాళ్లు చూస్తాడు. ఒక కాలు చెప్పులో దూరి, రెండో కాలు ఇంకా మెట్టు మీదే ఉన్నప్పుడు, "ఇట్రా అమ్మా, నీ మాటా కాదు, నా మాటా కాదు" అంటాడు. అంతకు ముందే పిలిస్తే మనం ఆత్రపడ్డట్టు. రెండో చెప్పు కూడా వేసుకున్నాక పిలిస్తే వాళ్లకు వెనక్కి రావడం నామోషీ.

మేము కొనేవాళ్లమై ఇంకో కొట్టుకు వెళ్లినప్పుడు ఇదే పాఠాన్ని తిరగేసి వాడాలి. "లేచిపో. కానీ పిలుపు వినపడే దూరం దాటబాక" అని నాన్న చెప్పేవాడు. ఈ విద్యలో నేను ఆరితేరినవాణ్నని నా నమ్మకం. ఒకసారి ఫ్యాను బేరంలో విసురుగా లేచి వచ్చి, ఎవరూ పిలవకపోతే వీధి చివరిదాకా వెళ్లి, గొడుగు మర్చిపోయానని మళ్లీ అదే కొట్లోకి వెళ్లాను. అది మండు వేసవి. ఆ కొట్టాయన గొడుగు కోసం నాతో పాటు చాలాసేపు వెతికాడు.

ఇలాంటి చదువుతో నేను కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాను. డిగ్రీలో కొంత నేర్చుకుని మర్చిపోయినదీ, వీడియోలు చూసి తర్వాత తెలుసుకున్నదీ కలిపి, కొట్టుకు బిల్లుల ప్రోగ్రాం ఒకటి రాసుకున్నాను. అది బాగానే నడుస్తోంది. దానివల్ల మా బంధువుల్లో నాకు కంప్యూటర్ తెలిసినవాడు అనే పేరు వచ్చింది. ఆ పేరు నాకు చేసిన మేలు ఏమిటో ఇప్పటికీ తెలియదు.

మాచర్లలో ఉండే మా అక్క ఒకరోజు ఫోన్ చేసింది.

"ఒరేయ్, నెట్ దానంతటదే ఆగిపోయి, దానంతటదే లేచేటట్టు చేయగలవా?"

"ఆగిపోవడం ఎందుకే? అదెటూ ఆగుతానే ఉంటదిగా."

"ఆగినప్పుడు లేపమనేరా నా మొర. నాకు పని వచ్చేటట్టుంది."

పని సంగతి నాకు అప్పుడే తెలిసింది. మా బావది బోరు మోటార్లకు తీగ చుట్టే కొట్టు. దుర్గి నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ కాలిపోయిన మోటార్లు ఆటోల్లో వస్తాయి. పెళ్లయిన నాటి నుంచీ అక్క ఆ కొట్టు ముందు కుర్చీలో కూర్చుని ఫోన్లు తీస్తోంది. ఇప్పుడెక్కడో ఒక సంస్థ తెలుగు మాటల రికార్డింగులు పంపిస్తుందట. చెవులకు పెట్టుకుని విని, విన్నది విన్నట్టు టైపు చేయాలి. ఒక పూట ట్రయల్ పెడతారు. ఆ పూటంతా కంప్యూటర్ వాళ్లకు లైనులో కనపడుతూ ఉండాలి. లైను కాసేపు పోతే మనిషి సీట్లోంచి లేచి వెళ్లినట్టే లెక్క. వరుసలో తర్వాతున్న వాళ్లను పిలుస్తారు.

"నీకెందుకే ఇయ్యన్నీ? బావ కొట్టు బాగానే నడుస్తందిగా" అన్నాను.

అక్క అంది, "కొట్టుకాడికి వచ్చినోళ్లంతా 'మేస్త్రి లేడా అమ్మా' అంటారురా. ఇన్నేళ్లలో నా కోసం వచ్చినోడు ఒక్కడు లేడు. ఇది నా కోసం వచ్చిన పని."

నేను సరే అన్నాను. అక్కతో మాత్రం నేను బేరమాడను. ఆడినా గెలవను.

అక్క ఇంట్లో కష్టం ఇదీ. కేబుల్ వాళ్ల నెట్ మధ్యమధ్యలో చచ్చిపోతుంది. కానీ కంప్యూటర్ ఆ సంగతి ఒప్పుకోదు. మూలన వైఫై గుర్తు నిండుగా వెలుగుతూనే ఉంటుంది, 'కనెక్టెడ్' అనే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఇది నాకు మొదట అంతుపట్టలేదు. కనెక్టెడ్ అంటే దేనికి కనెక్టెడ్? చాలా రోజులు తలకొట్టుకున్నాక తెలిసిందేమిటంటే, కంప్యూటర్ గోడ మీది డబ్బాకు కనెక్టయి ఉంది. ఆ డబ్బా ప్రపంచానికి కనెక్టయి ఉందో లేదో దానికి పట్టదు. షట్టర్ ఎత్తే ఉంది, లోపల సరుకు లేదు. మా వీధిలో అలాంటి కొట్లు రెండు మూడు నేను చూపించగలను.

ఇలాంటప్పుడు మనిషైతే వైఫైని ఒకసారి ఆపి, మళ్లీ పెడతాడు. చాలాసార్లు పని జరుగుతుంది. ఎందుకు జరుగుతుందని నన్ను అడగకండి. నాకు మటుకు అది మా నాన్న బేరంలాగే అనిపించింది. విసురుగా లేచిపోతే, నెట్టే వెనక్కి పిలుస్తుంది! ఇంకేం, ప్రోగ్రాంలో రాయాల్సింది కూడా అంతే. బయటివాళ్లు ఎవరైనా పలుకుతున్నారా చూడు. పలకకపోతే వైఫై పట్టుకునే కార్డును దించు. కాసేపు ఆగు. మళ్లీ ఎత్తు.

రాయడం తేలికే. అది నా మాట వినడమే కష్టమైంది. మొదటిసారి నడిపితే ఏ గొడవా లేకుండా నడిచింది, ఏమీ జరగలేదు. కార్డు దిగలేదు. అలాంటి ఆజ్ఞ ఇవ్వాలంటే కంప్యూటర్ యజమాని హోదా కావాలట. నేను కొన్న కంప్యూటర్, నా బల్ల మీద, నా కరెంటుతో నడుస్తూ, 'నువ్వెవరు' అని అడిగింది. బ్యాంకుల్లో అలవాటైన మాటే కాబట్టి సర్దుకున్నాను. హోదా ఇచ్చుకుని మళ్లీ నడిపాను. ఈసారి నెట్‌వర్క్ కార్డుల జాబితాలో నాలుగైదు పేర్లు కనపడ్డాయి. నాకున్నది ఒక్క కంప్యూటర్. ఇన్ని కార్డులు దేనికో తెలియదు. ఒక్కోదాన్నే దించి చూస్తూ పోయాను.

కొట్టు ముందు నుంచి నాన్న కేక వేశాడు. "బిల్లు రావట్లేదేందిరా?"

"వస్తది నాన్నా, ఒక్క నిమిషం."

"ఈ తల్లి బిందె చంకన పెట్టుకొని నిలబడుంది. ఏం చేస్తన్నావురా లోపల?"

"నెట్ ఆపుతున్నా."

"నెట్ ఆపితే బిల్లెందుకు ఆగిందిరా?"

మంచి ప్రశ్న. నాకూ అదే సందేహం. బిల్లు కొట్టే ప్రింటర్ కూడా ఆ కార్డుల్లో ఒకదాని మీదే వేలాడుతోందని సాయంత్రానికి గానీ తెలియలేదు. ఈలోపు నాన్న బిందె మీద పేర్లు చెక్కే మిషన్ తీసి, ఆమె పేరు చెక్కి ఇచ్చి, "ఇదే బిల్లనుకో తల్లీ, ఇంకెక్కడా చెరగదు" అని పంపించాడు.

మొత్తానికి మా కొట్లో ప్రోగ్రాం పనిచేసింది. నేను డబ్బా వెనకాల కేబుల్ లాగితే అది గమనించి కార్డు దించేది, ఆగేది, ఎత్తేది. చూడటానికి ముచ్చటగా ఉండేది. దాన్ని అక్క కంప్యూటర్‌లోకి పంపాను. మాచర్ల బస్సెక్కకుండా ఇక్కడి నుంచే అక్క కంప్యూటర్‌కి ఆజ్ఞలు ఇచ్చే దారి కూడా ఒకటి పెట్టుకున్నాను. అక్క తెర మీద ఏమీ కనపడదు. నా తెర మీద మాత్రం అక్క కంప్యూటర్ పేరు పక్కన ఒక చుక్క ఉంటుంది. లైనులో ఉంటే పచ్చగా, లేకపోతే బూడిదరంగులో.

ట్రయల్ ముందురోజు అక్క చెప్పింది, "రేపు నువ్వు మాత్రం ఏదీ ముట్టుకోబాక."

"ఎందుకు ముట్టుకుంటా? అంతా అదే చూసుకుంటది."

మర్నాడు పొద్దున కొట్టు తీసి, దేవుడికి అగరొత్తి వెలిగించి, ఊరికే ఆ చుక్కను చూద్దామని కూర్చున్నాను. పచ్చగా ఉంది. ముట్టుకోలేదు. కాసేపటికి బూడిదరంగైంది. మళ్లీ పచ్చబడింది. మళ్లీ బూడిద. అక్క ట్రయల్ మొదలైపోయింది, లైను ఊగుతోంది, మరి నా ప్రోగ్రాం ఏం చేస్తోంది? పచ్చబడగానే దారి పట్టుకుని లోపలికి వెళ్లి చూశాను. అది నడవడమే లేదు. కంప్యూటర్‌ని ఆపి మళ్లీ తెరిచినప్పుడు దానంతటదే లేవాలని నేను అనుకున్నాను గానీ, దానికి చెప్పలేదు.

అప్పుడైనా మొత్తం ప్రోగ్రాంని ఒక్కసారి నడిపి ఉంటే సరిపోయేది. కానీ నేను కొట్లో పెరిగినవాణ్ని. కొనేవాడి ముందు సరుకంతా ఒకేసారి పరవకూడదు, ఒక్కో గిన్నే తీసి చూపించాలి. అక్క కంప్యూటర్‌లో కార్డుల పేర్లు వేరుగా ఉండొచ్చు, తప్పు కార్డును దించితే ప్రమాదం కదా అని జాగ్రత్త పడ్డాను. ఒక్కో వరుసే పంపుదామనుకున్నాను. మొదటి వరుస, 'వైఫై కార్డు దించు'. పంపాను. ఒప్పుకుంది.

రెండో వరుస, 'వైఫై కార్డు ఎత్తు'. టైపు చేసి మీట నొక్కాను. ఏమీ లేదు. మళ్లీ నొక్కాను. చుక్క బూడిదరంగైపోయింది.

అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అక్క కంప్యూటర్‌కి నా మాట చేరేది ఆ వైఫై మీదే. దాన్ని దించమని నేనే చెప్పాను. ఎత్తమనే మాట ఇప్పుడు ఏ దారిన వెళ్తుంది? ప్రోగ్రాం మొత్తం అక్కడే నడిచి ఉంటే, అక్కడే కూర్చుని, అదే దించి, అదే ఎత్తేది. నేను నరసరావుపేటలో కూర్చుని దించాను. రెండు చెప్పులూ వేసుకుని, పిలుపు వినపడే దూరం కూడా దాటేశాను.

అక్కకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. చప్పుడు రాకూడదని ఫోన్ నోరు నొక్కి పెట్టి ఉంటుంది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. పెట్టేసి తెర వైపు చూస్తే, చుక్క పచ్చగా ఉంది!

ఇదెలా? నేను ఎత్తమనే మాట చేరకుండానే లేచిందా? సంతోషంతో, నెట్ వచ్చిందని చెబుదామని ఫోన్ చేశాను. చుక్క బూడిదరంగైంది. హడలిపోయి ఫోన్ పెట్టేశాను. కొంచెంసేపటికి పచ్చబడింది. ఇప్పుడైనా వైఫై ఎత్తుదామని ఒక చేత్తో టైపు చేస్తూ, ఇంకో చేత్తో అక్కకు ఫోన్ కలిపాను. బూడిద. పిలిస్తే పోతోంది, ఊరుకుంటే వస్తోంది. నాకు తెలిసిన ఏ కొనేవాడూ ఇలా ప్రవర్తించలేదు.

"ఏందిరా, ఆ ఫోనుకి ఊపిరాడనీయవా?" అన్నాడు నాన్న కుర్చీలోంచి.

"అక్క నెట్ పోయింది నాన్నా."

"పోతే?"

"నేనే తీసేశా."

ఆయన నన్ను కళ్లద్దాల పైనుంచి చూశాడు. "అదెందుకు తీశావురా?"

"పెడదామని."

నేను మళ్లీ చేశాను. ఈసారి మోగనే లేదు. మీరు పిలిచే నంబరు అందుబాటులో లేదంది. ఇంకోసారి చేశాను, అదే మాట. ఫోన్ కూడా చచ్చిపోయిందనుకున్నాను. నా వల్ల అక్క పని పోయింది. మేస్త్రి లేడా అమ్మా అనే మాట నా చెవుల్లో ఒకటే రొద.

బావకు ఫోన్ చేశాను. ఆయన కొట్టు కింద, ఇల్లు పైన.

"బావా, ఒక్కసారి పైకెళ్లి అక్క కంప్యూటర్‌లో వైఫై నొక్కు."

"యాడ నొక్కాలి?"

"కిందమూల బొమ్మ ఉంటది, గొడుగులాగా."

"చేతులకి వార్నిష్ ఉంది బామ్మర్దీ. నొక్కితే మీ అక్క నా పీక నొక్కుద్ది."

"బావా, దండం పెడతా. అక్క పని పోయేటట్టుంది."

ఆ మాటతో బావ గొంతు మారింది. ఫోన్ చెవినే పెట్టుకుని మెట్లెక్కుతున్న చప్పుడు వినపడింది. తర్వాత గుసగుసగా, "తలుపు గడియ పెట్టుంది" అన్నాడు.

"కొట్టు."

"తలుపు కొడితే కాళ్లిరగ్గొడతానని చెప్పి మరీ ఏసుకుంది. నువ్వొచ్చి కొట్టు."

"కిటికీలోంచన్నా చూడు. ఏం చేస్తంది?"

"టైపు కొడతంది."

"నెట్ ఆగిపోలా?"

"నెట్టు ఆగిందో నడిచిందో నాకేం కనపడద్దిరా? మనిషైతే చెవులకి అయ్యి తగిలించుకొని టకటకా కొడతానే ఉంది. ఒకసారి ఇటు చూసింది. చూసిన చూపు బాలేదు. నేను దిగిపోతన్నా."

తెర వైపు చూశాను. చుక్క పచ్చగా ఉంది. ఎంతకీ మారలేదు. వైఫై దించి ఉండగా ఆమె దేని మీద టైపు చేస్తోంది? నా రెండో వరుస, 'వైఫై కార్డు ఎత్తు', తెర మీద అలాగే సిద్ధంగా ఉంది. ఇప్పుడు మీట నొక్కితే చేరుతుంది. చేరాక ఏమవుతుందో తెలియదు. మంచి జరగొచ్చు. ఇప్పటిదాకా నేను చేసిన ప్రతి మంచికీ చుక్క బూడిదరంగైంది.

మీట మీది నుంచి వేలు తీసేశాను. నా మీద నాకు నమ్మకం లేక ఫోన్ తీసుకెళ్లి నాన్న చేతికిచ్చి, నేను అడిగినా ఇవ్వొద్దని చెప్పాను. ఆయన దాన్ని కాటా పళ్లెంలో పెట్టాడు. అంతలో ఒకామె ఇడ్లీ పాత్ర తీసుకుని ధర అడిగింది. నేను ఒక మాట అన్నాను. ఆమె అందులో సగం అంది. నేను సరే అన్నాను. ఆమెకు అనుమానం వచ్చి, పాత్రను అటూ ఇటూ తిప్పి చూసి, వద్దని వెళ్లిపోయింది. రెండు చెప్పులూ వేసుకునే వెళ్లింది. నేను చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం బావ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అక్క గొంతు.

"ఒరేయ్, నీకేమన్నా పిచ్చా?"

"నీ ఫోన్ కలవట్లేదేంటే?"

"బ్లాక్ చేశా."

"ఎవర్ని?"

"నిన్నేరా."

అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. అక్క నా ప్రోగ్రాంని మొదటినుంచీ నమ్మలేదు. పొద్దున్నే తను వాడే పాత ఫోన్‌నే వైరుతో కంప్యూటర్‌కి తగిలించి, ఫోన్‌లోని నెట్‌ని కూడా సిద్ధంగా పెట్టుకుంది. పొద్దున నేను చూసిన ఊగిసలాట, ఆ వైరు పెట్టి తీసి సరిచూసుకుంటున్నప్పటిది. లైనుకేమీ కాలేదు. నేను వైఫై దించగానే కంప్యూటర్ వైరు దారి పట్టింది. అయితే అది పాత ఫోన్. దానికి కాల్ వస్తే నెట్ ఆగిపోతుంది. నేను రక్షిద్దామని ఫోన్ చేసిన ప్రతిసారీ, మిగిలిన ఆ ఒక్క దారినీ నేనే మూసేశాను.

"నాలుగోసారికి లైను పోయిందని తెర మీద చక్రం తిరగడం మొదలెట్టిందిరా. ఇంకోసారి మోగితే వాళ్లు వేరేవాళ్లని పిలుచుకుందురు. అందుకని నిన్ను తీసేశా."

"వైరు పెట్టుకున్నానని నాకొక మాట చెప్పొచ్చుగా."

"నాన్న బల్ల మీద ఒక కాటా పెట్టి, బల్ల కింద ఇంకో కాటా పెట్టేవోడు. అది ఊరందరికీ చెప్పేవోడా?"

నిజమే. పైది మొరాయిస్తే కిందది తీసేవాడు. ఒకే కొట్లో పెరిగాం ఇద్దరం. నాకు లేచిపోవడం అబ్బింది, ఆమెకు రెండో కాటా అబ్బింది.

"మరి పని?" అన్నాను. అడగడానికి భయమేసింది.

"రేపొద్దున రమ్మన్నారు. నా పేరు పెట్టి అడిగారురా, మేడం మీకు ఏ టైం వీలవుద్ది అని."

అక్కే మళ్లీ అంది, "నీ ప్రోగ్రాం తీసెయ్యి."

"తీసెయ్యను. నిన్ను అడిగాకే దించేటట్టు మారుస్తా. ఆపమంటావా వద్దంటావా అని తెర మీద అడుగుద్ది."

"అడిగితే వద్దంటా."

"అను. అడగనన్నా అడగనీ."

"సరే, అడగడం ఒక్కటే. నా నంబరు మాత్రం ఇప్పుడే తెరవను."

ఆ బేరంలో ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తేలలేదు. ప్రోగ్రాం అక్క కంప్యూటర్‌లో ఉంది. నెట్ ఆగినప్పుడల్లా మర్యాదగా అడుగుతుంది, అక్క వద్దంటుంది, వైరు తగిలిస్తుంది. అలాంటప్పుడు అది ఉండటం దేనికో నాకు అర్థం కాదు. అయినా తీసేయమని మళ్లీ అక్క కూడా అనలేదు.

పండక్కి తెరుస్తానంది నా నంబరు. తెరిచింది కూడా, పని వేళలకు బయట. పని వేళల్లో ఏదైనా చెప్పాల్సి వస్తే బావ కొట్టుకే ఫోన్ చేయాలి. మొన్న చేశాను. వెనకాల ఏదో మోటారు గిర్రున తిరుగుతోంది. బావ ఎత్తాడు.

"అక్క లేదా బావా?"

"మేడం పనిలో ఉంది," అన్నాడు బావ. "ఏమన్నా చెప్పాల్నా?"